నూకరాజు గుండె ఎటువైపు?

1980 ఫిబ్రవరి ఎనిమిది, శుక్రవారం. ఆ రోజు ఆసుపత్రి గేటు ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు ఉప్మా చేశారు. ఆ సంగతి నాకెలా తెలుసంటే, నన్ను గోడకు బిగించడానికి వచ్చిన వడ్రంగి దాన్ని నా మీదే పెట్టుకుని తిన్నాడు. పైన అరిటాకు ముక్క, దాని కింద పాత పేపరు, వాటి కింద నేను. అల్లం పచ్చడి ఒక బొట్టు జారి నా టేకు చట్రం మీద పడింది. చొక్కా కొసతో తుడిచాడు గాని మరక పూర్తిగా పోలేదు. కుడివైపు కింది మూల చూడండి, ఇప్పటికీ ఉంటుంది. అది నా పుట్టుమచ్చ.

నేనొక దీపాల పెట్టెను. డాక్టర్లు వ్యూబాక్స్ అంటారు. ముందు పాలరంగు అద్దం, లోపల నాలుగు ట్యూబులైట్లు. ఎక్స్‌రే ఫిల్మును తెచ్చి నా నెత్తిన ఉన్న క్లిప్పుల్లో గుచ్చి స్విచ్చి వేస్తే, అప్పటిదాకా నల్లటి అట్టముక్కలా ఉన్నది కాస్తా మనిషవుతుంది. పక్కటెముకలు, ఊపిరితిత్తులు, మధ్యలో కాస్త పక్కకు ఒరిగిన గుండె. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో, వైద్య కళాశాల వారి ఆసుపత్రిలో, రేడియాలజీ విభాగం చివరి గదిలో, ముప్పై ఏళ్ళపాటు నేను వెలిగితేనే డాక్టర్లు నోరు విప్పేవారు. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. గొప్పకే చెబుతున్నాననుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నేను గోడెక్కిన నెలలోనే డాక్టర్ ఉప్పులూరి సోమయాజులు ఎమ్డీ చదవడానికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, వంకీల జుట్టుతో ఉండేవారు. మొదటి రోజు నా అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకున్నారు. ఆ జుట్టు నెరిసి, పలచబడి, పోయేదాకా నా ముందే నిలబడ్డారు. అసిస్టెంటయ్యారు, అసోసియేటయ్యారు, ప్రొఫెసరయ్యారు. ప్రతి మెట్టు దగ్గరా పత్రికల్లో ఎన్ని వ్యాసాలు వచ్చాయని అడిగేవారు. డాక్టర్లు జబ్బుల కన్నా ఆ ప్రశ్నకి ఎక్కువ భయపడతారని నాకు అప్పుడే తెలిసింది. సోమయాజులు గారు వ్యాసాలు తక్కువే రాశారు. ఆయన చేసింది వేరే పని. పిల్లలకి పాఠం చెప్పడానికి పనికొచ్చే ఫిల్ములు ఒక్కొక్కటీ ఏరి, ఖాకీ కవర్లలో పెట్టి, మీద తెల్ల సిరాతో నంబరు వేసి, గది మూల చెక్క బీరువాలో దాచారు. పదకొండు వందల ఫిల్ములు. అవే ఆయన జీవితం.

అందులో ఒకటో నంబరు సంగతి చెప్పాలి.

1981 వానాకాలం. ఎక్స్‌రే తీసే టెక్నీషియన్ గవర్రాజు టీకి వెళ్ళాడు. గోదావరి లంకలకి పడవ నడిపే మల్లాడి నూకరాజు దగ్గుతూ వచ్చాడు. గవర్రాజు వచ్చేదాకా ఆగే ఓపిక లేక, కుర్ర సోమయాజులు గారే ఫిల్ము తీసేశారు. తీసేముందు ప్లేటు మీద సీసపు అక్షరం ఒకటి పెట్టాలి. మనిషి కుడివైపున అయితే ఆర్, ఎడమవైపున అయితే ఎల్. ఫిల్మును ఎటు తిప్పి తగిలించినా ఛాతీలాగే ఉంటుంది. ఏది కుడో ఏది ఎడమో చెప్పేది ఆ అక్షరం ఒక్కటే.

తడి ఆరకుండానే ఫిల్మును తెచ్చి నా మీద గుచ్చారు. అక్షరం ప్రకారం చూస్తే నూకరాజు గుండె కుడివైపున ఉంది. పదివేలమందిలో ఒకరికి ఉంటే ఉంటుందట అలాగ. ఎడమ భుజంలో కొస వంగిన చిన్న ఇనుపముక్క కూడా ఉంది గాని దాన్నెవరు పట్టించుకుంటారు? సోమయాజులు గారు నా స్విచ్చి ఆపి, మళ్ళీ వేసి చూశారు. అప్పుడే టీ తాగి వచ్చిన గవర్రాజు మూతి తుడుచుకుంటూ చూశాడు.

"డాక్టరు గారూ, అక్షరం ఎవరు పెట్టారండీ?"

"నేనే పెట్టాను. ఏం?"

"ఏం లేదండి. అటూ ఇటూ అయ్యిందేమోనని..."

"ఎమ్డీ చదివేది నువ్వా, నేనా?"

"తమరేనండి."

ఆ తర్వాత గవర్రాజు ముప్పై మూడేళ్ళు ఆ మాటెత్తలేదు. నేనూ ఎత్తలేదు. నాకు నోరు లేదన్నది ఒక కారణం. రెండో కారణం ఏమిటంటే, ఆ వారమంతా పక్క విభాగాల డాక్టర్లు కూడా వరసకట్టి నా ముందు నిలబడ్డారు. అంతమంది కళ్ళు నా మీద పడటం నాకు బాగుంది.

నూకరాజు అప్పటికే పడవెక్కి వెళ్ళిపోయాడు. మళ్ళీ రమ్మని సోమయాజులు గారు రెండుసార్లు కార్డు రాసి కబురు పెట్టారు. రాలేదు. ఫిల్ము మాత్రం ఒకటో నంబరై బీరువాలో కూర్చుంది.

అప్పటినుంచి ఏటా కొత్తగా వచ్చిన పిల్లలకి మొదటి పాఠం అదే. సోమయాజులు గారు ఏమీ మాట్లాడకుండా ఒకటో నంబరును నా మీద గుచ్చేవారు. ఎవరో ఒకరు లేచి, "సార్, తిరగేసి పెట్టారండి" అంటూ తిప్పి తగిలించేవారు. ఆయన ఆ క్షణం కోసమే కాచుకుని ఉండేవారు.

"అక్షరం చూశావా నాయనా? నీ కళ్ళు అలవాటు పడ్డ చోట గుండె కోసం వెతికాయి. ముందు అక్షరం చూడు, తరవాత గుండె చూడు. కళ్ళు మోసం చేస్తాయి గాని అక్షరం చెయ్యదు."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని రాసుకునేవారు. నేను ఒక వెలుగు ఎక్కువ వెలిగేదాన్ని.

1998లో వచ్చిన పిల్లల్లో కెజియా అనే అమ్మాయి ఫిల్మును తిప్పలేదు. దగ్గరికొచ్చి చూసి అడిగింది.

"ఈ పేషెంటుని ఎవరైనా చూశారా సార్? ఛాతీ మీద చెయ్యి పెట్టి?"

"మనం రేడియాలజిస్టులమమ్మా. మన పేషెంట్లు ఈ గోడ మీదే ఉంటారు" అన్నారాయన. అందరూ నవ్వారు. నేను కూడా నా ట్యూబుల చోక్ గీపెట్టేలా నవ్వాను.

అయినా ఆ పిల్లంటే నాకు ఇష్టం. డిసెంబరు పొద్దుల్లో అందరికన్నా ముందొచ్చి, నా స్విచ్చి వేసి, రెండు అరచేతులూ నా అద్దానికి ఆనించి కాచుకునేది. అంతమంది చేతులు నన్ను తాకాయి గాని, వెచ్చదనం కోసం తాకినవి అవే. అందుకే తర్వాత ఆమె చేసిన పనికి నాకు అంత మండింది.

ఎమ్డీ అయ్యి, ఇక్కడే అసిస్టెంటుగా చేరి, కొన్నాళ్ళకి మెడికల్ ఇన్ఫర్మాటిక్స్ చదవడానికి వెళ్తానంది. అంటే రోగుల ఫిల్ములు, రిపోర్టులు, వివరాలు అన్నీ కంప్యూటర్లలో ఎలా దాచాలి, దాచినవాటిని ఎలా వెతికి ఒకదానితో ఒకటి కలపాలి అన్న చదువు.

"రేడియాలజీ చదివి గుమస్తా పనికి వెళ్తావా అమ్మా?" అన్నారు సోమయాజులు గారు.

"పదేళ్ళ కిందటి ఫిల్ము కావాలంటే మన గుమస్తాలకి పది రోజులు పడుతోంది సార్. ఈలోగా మనిషి పోతున్నాడు" అంది. వెళ్ళింది. రెండేళ్ళకి తిరిగొచ్చింది. 2009లో ఆమె వెనకాలే అది వచ్చింది.

నల్లగా, పలచగా, ఒంటికాలి మీద నిలబడి ఉండేది. మానిటర్ అన్నారు. సరిగ్గా నాకు ఎదురుగా బల్ల వేసి దాన్ని పెట్టారు. ఇరవై తొమ్మిది వేసవులు నేను ఆ గదిలో ఉడికితే ఒక టేబుల్ ఫ్యాను కూడా దిక్కు లేదు. అది వచ్చిన వారానికి ఏసీ వచ్చింది. నన్ను గవర్రాజు పాత లుంగీ గుడ్డతో తుడిచేవాడు. దానికి వెన్నలాంటి ప్రత్యేకమైన గుడ్డ. ఫిల్ములో చిన్న మచ్చ కనపడాలంటే నా దగ్గర భూతద్దం పట్టుకుని కళ్ళు చికిలించాలి. అది వేలు కదిపితే చాలు, మచ్చని చంద్రబింబమంత చేసి చూపిస్తుంది. రోజురోజుకీ నా దగ్గరికి వచ్చే ఫిల్ములు తగ్గిపోయి, చివరికి నా క్లిప్పుల్లో ఎవరో క్యాలెండరు తగిలించారు. అయితే ఆ నల్లది చలి పొద్దుల్లో చేతులు కాచుకోవడానికి పనికిరాదు. నాకు మిగిలిన తృప్తి అదొక్కటే.

ఆ గదిలో నాకు ఒక తోడు దొరికింది. సోమయాజులు గారికి కూడా కడుపులో మంటగానే ఉండేది. ఎక్కడెక్కడి కాలేజీల వాళ్ళో కెజియాని మాట్లాడమని పిలిచేవారు. ఈయనకి పరీక్షలు పెట్టడానికి తప్ప రైలెక్కే పనే లేదు. ఒకరోజు ఆమె వ్యాసం అచ్చైన పత్రిక వచ్చింది. ఎవరూ లేనప్పుడు ఆయన దాన్ని నా వెలుగులో పట్టుకుని చదివారు. మడిచారు. మళ్ళీ తీసి చదివారు. రాసినవాళ్ళ పేర్ల వరసలో తన పేరు కోసం వేలు పెట్టి వెతికారు. అది చివర కృతజ్ఞతల్లో ఉంది. ఆయన మొహం చూసి, మేమిద్దరం ఒక్క కులం వాళ్ళమని నాకు అర్థమైంది.

కాని ఆ మనిషిని చూస్తే జాలేసేది కూడా. భార్య పోయాక క్యారేజీ రావడం ఆగిపోయింది. మధ్యాహ్నం రెండు అరటిపళ్ళతో సరిపెట్టుకునేవారు. ఓ రోజునుంచి ఆయన బల్ల మీద స్టీలు డబ్బా ఒకటి కనబడటం మొదలైంది. అన్నం, తోటకూర పప్పు, ఒక్కోసారి వంకాయ వేపుడు. పెట్టింది కెజియా. ఆమె చెప్పనూ లేదు, ఈయన అడగనూ లేదు. "ఉప్పు తక్కువ" అని గోడకి చెప్పి, మొత్తం తిని, డబ్బా కడిగి బోర్లించేవారు.

2014 జూన్ నెలాఖరుకి ఆయన రిటైర్మెంటు. ఆ వేసవిలోనే పైనుంచి కాగితం వచ్చింది. విభాగంలో ఉన్న పాత ఫిల్ములన్నీ జూలై ఒకటిన లారీకి ఎక్కించాలి. పాత ఫిల్ములను కరిగించి అందులోని వెండి తీసుకుంటారు. సోమయాజులు గారి బీరువా ఏ రిజిస్టరులోనూ ఎక్కలేదు కాబట్టి అదీ వాటిలోకే.

కెజియా వచ్చి చెప్పింది. "స్కానరుంది సార్. నెలాఖరులోగా అన్నీ కంప్యూటర్లో పెట్టేద్దాం. ఫిల్ము పోయినా బొమ్మ ఉంటుంది."

"పేరెవరిదుంటుంది?"

"మీదే సార్. ఎవరు తెరిచినా మొదటి లైన్లో మీ పేరే."

"ఇప్పుడలాగే అంటావు" అన్నారాయన. వారం రోజులు బీరువా తాళంచెవి జేబులోంచి తియ్యలేదు. ఎనిమిదో రోజు పప్పు డబ్బా కడిగి బోర్లించి, దాని మీద తాళంచెవి పెట్టి వెళ్ళిపోయారు.

పని మొదలైంది. గవర్రాజు నా క్యాలెండరు తీసేసి, ఒక్కో ఫిల్మునూ నా మీద గుచ్చి, అక్షరం చూసి, తీసి స్కానరుకి అందించేవాడు. నా బిడ్డల్ని నా చేత్తోనే సవతింటికి పంపించినట్టుండేది. ఆ నల్లది ఎక్కడైనా ఒక్క తప్పు చెయ్యకపోతుందా అని కాచుకుని కూర్చున్నాను.

జూన్ మూడో వారంలో కెజియా ఒక ఫిల్ముతో వచ్చింది. నిజమైన ఫిల్ము, కొత్తది. కొత్తది నా దగ్గరికి రావడం ఎన్నో నెలల తర్వాత అదే. ఒకటో నంబరునీ దాన్నీ పక్కపక్కన గుచ్చింది.

"మీరు ఆ మానిటర్ దగ్గరికి రారని ఇది అచ్చు వేయించాను సార్" అంది. "పేరూ ఊరూ ఎక్కించగానే కంప్యూటరు పాత పేషెంట్లతో కలిపి చూస్తుంది. ఇది మల్లాడి నూకరాజుది. పోయినేడు మళ్ళీ దగ్గుతో వచ్చి తీయించుకున్నాడు."

కొస వంగిన ఇనుపముక్క రెండింటిలోనూ ఉంది. కాని కొత్తదాంట్లో అది కుడి భుజంలో ఉంది. గుండె ఎడమవైపున ఉంది.

సోమయాజులు గారు రెండింటినీ మార్చి మార్చి చూశారు. "నీ యంత్రం తిప్పేసింది" అన్నారు.

అంతే కదూ! నా నాలుగు ట్యూబులూ ఒక్కసారి ఎగిరి గంతేసినట్టయింది.

"ఇది గాని తిరగాలి, అది గాని తిరగాలి సార్. ఏది తిరిగిందో మనిషిని అడగాలి" అంది కెజియా.

గుమ్మం దగ్గర గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఆ రోజు అన్నానండి నేను."

"ఏమన్నావు?"

"అక్షరం అటూ ఇటూ అయ్యిందేమోనని."

"మరి ఇన్నేళ్ళూ ఎందుకూరుకున్నావు?"

"ఎమ్డీ చదివింది తమరు గదండి" అన్నాడు గవర్రాజు. అందులో ఎత్తిపొడుపు ఎంతో, మర్యాద ఎంతో నేను చెప్పలేను. ముప్పై మూడేళ్ళు ఊరిన మాట అది.

సోమయాజులు గారు కుర్చీలో కూర్చున్నారు. "ఆపెయ్యమ్మా. ఒకటో నంబరే తప్పయితే తక్కిన పదకొండు వందలూ ఎవరు నమ్ముతారు? చెరిపెయ్. అన్నీ లారీకే ఎక్కించెయ్." ఒకటో నంబరును లాగి, చంకలో పెట్టుకుని, వర్షంలో వెళ్ళిపోయారు.

దాచడం దేనికి? నాకు సంతోషమేసింది. లారీ ఎక్కితే ఎక్కాయి, ఆ నల్లదానికి మాత్రం దక్కవు కదా అనుకున్నాను. ఆ అనుకోవడం గుర్తొస్తే ఇప్పటికీ నా ట్యూబులు మినుకుమంటాయి.

కెజియా చెరపలేదు. కంప్యూటర్లోకి ఎక్కించడం మాత్రం ఆపింది.

జూన్ ముప్పై, సోమవారం. ఆయన చివరి పాఠం. కొత్త పిల్లలు పదిమంది నా ముందు కూర్చున్నారు. సోమయాజులు గారు వచ్చారు, చంకలో అదే ఖాకీ కవరు. దాన్ని తియ్యాలో వద్దో తేల్చుకోలేక నిలబడ్డారు. అప్పుడు కెజియా ఒక ముసలాయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. భుజాన తువ్వాలు, ఎండకి నల్లబడ్డ ఒళ్ళు.

"సార్, అప్పట్లో మీరు రెండుసార్లు కబురు పెట్టారు కదా. ఇప్పటికి అందింది."

సోమయాజులు గారు చంకలో కవరుతోనే ఒక అడుగు ముందుకేశారు. "నూకరాజూ?"

"ఆయ్, నేనేనండి."

"అప్పుడు ఎందుకు రాలేదయ్యా?"

"వచ్చేద్దామనే అనుకున్నానండి. పెద్దాసుపత్రోళ్ళు రెండోసారి కూడా పిలిచారంటే లోపలేదో కొంప మునిగిపోయుంటాదని భయమేసిందండి. ఆ కార్డు మా ఆడదానికి కూడా చూపించలేదు. చచ్చిపోతానేమోనని ఏడాది ఎదురుచూశానండి. చావలేదు. ఇంక మర్చిపోయాను."

పిల్లలు నవ్వబోయి ఆగారు.

"నీ భుజంలో ఇనుము ఎటుంది?"

"కుడి భుజమండి. పడవ గొలుసు తెగి తగిలింది. చుక్కాని పట్టుకుంటే ఇప్పటికీ లాగుద్ది."

సోమయాజులు గారు కవరు బల్ల మీద పెట్టారు. "చొక్కా గుండీ తియ్యి" అన్నారు. ముప్పై నాలుగేళ్ళలో ఆ గదిలో ఒక మనిషి ఒంటి మీద ఆయన చెయ్యి వెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి. ముందు కుడివైపు పెట్టారు. ఆగారు. తర్వాత మెల్లగా ఎడమవైపుకి జరిపారు. అక్కడ ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఉందాండీ?" అన్నాడు నూకరాజు.

"ఉందయ్యా. ఎడమవైపే ఉంది."

"పోన్లెండి. ఎటుంటే ఏంటండీ, కొట్టుకుంటోంది గదా."

ఈసారి పిల్లలు ఆపుకోలేదు. ఆయన కూడా నవ్వారు. భార్య పోయాక ఆయన గట్టిగా నవ్వడం అప్పటిదాకా నేను వినలేదు. తర్వాత కవరు విప్పి, ఒకటో నంబరును నా మీద గుచ్చారు.

"చూడండి నాయనా. అక్షరం అబద్ధం చెప్పదని ముప్పై ఏళ్ళకి పైగా చెప్పాను. అక్షరం దానంతట అది వచ్చి కూర్చోదు. దీన్ని పెట్టింది నేను. తప్పు పెట్టాను. చెప్పినవాడి నోరు మూయించాను. మనిషిని చూశారా అని అడిగిన పిల్లని చూసి అందరూ నవ్వేలా చేశాను." కెజియా వైపు తిరిగారు. "ఏదీ, నీ యంత్రం తెరువు."

ఆయన మొట్టమొదటిసారి వెళ్ళి ఆ నల్లదాని ముందు కూర్చున్నారు. నాకు వీపు చూపించి. నేను సహించాను.

"రాయమ్మా. ఒకటో నంబరు. మల్లాడి నూకరాజు, పడవ నడుపుతాడు. గుండె అందరిలాగే ఎడమవైపున ఉంది. అక్షరం తప్పు. పెట్టింది సోమయాజులు. అనుమానించింది గవర్రాజు. కనిపెట్టింది కెజియా."

"నా పేరు కృతజ్ఞతల్లో పెట్టండి సార్, చాలు."

ఆయన ఆమె మొహంలోకి చూశారు. ఆమె కళ్ళు దించుకోలేదు. కాస్త నవ్వుతోంది. ఆ పత్రిక, ఆ వేలు, ఆ వెతుకులాట అన్నీ ఆమెకి తెలిసే ఉంటాయి.

"మొదటి లైన్లో రాయి" అన్నారాయన. "ఇంకా ఎన్నున్నాయి ఎక్కించాల్సినవి?"

"నూట నలభై."

"సాయంత్రంలోగా అవుతాయా?"

"తమరు గుచ్చి ఇస్తే అవుతాయండి. నేను అందిస్తాను" అన్నాడు గవర్రాజు.

అలా నూట నలభై ఫిల్ములు ప్రొఫెసరు గారి చేతి మీదుగా నా మీదకి ఎక్కి, దిగి, వెళ్ళాయి. ప్రతిదానికీ అక్షరం చూశారు. రెండింటి దగ్గర ఆగి, "ఇది నాకు అనుమానంగా ఉంది, అలాగే రాయి" అన్నారు. ఆరు గంటలకి అయిపోయింది. వెళ్ళేముందు నా కుడి కింది మూల మీద బొటనవేలుతో ఒకసారి రుద్దారు. అల్లం పచ్చడి మరక ఆయనకీ గుర్తేనని నాకు ఆ రోజు తెలిసింది.

మర్నాడు లారీ వచ్చింది. నన్ను కూడా విప్పబోయారు. "దాన్ని ఉండనివ్వండి" అంది కెజియా. అప్పటినుంచి ఉన్నాను. ఒకటో నంబరు నా మీదే ఉంది. నాలుగు ట్యూబుల్లో రెండే వెలుగుతున్నాయి. ఎదురుగా ఆ నల్లది పోయి ఇంకా పెద్దది వచ్చింది. దాన్ని చూసినా మండుతుంది. అది చూపిస్తున్నది ఎవరో పెట్టిన అక్షరాన్నే, నేను చూపించిందీ అదే, ఇందులో తనది గాని నాది గాని గొప్పేమీ లేదని నాకు తెలుసు. తెలిసినా మండుతుంది.

ఇప్పుడు ఆ గదికి ప్రొఫెసరు కెజియానే. ఆమెకీ జుట్టు నెరుస్తోంది. సాయంత్రం పని అయిపోగానే ముందు దాన్ని ఆపుతుంది. తర్వాత కాసేపు నా ముందు నిలబడుతుంది. డిసెంబరైతే అరచేతులు ఆనిస్తుంది. చివరికి నన్ను ఆపుతుంది. ముందు దాన్ని, తర్వాత నన్ను. ఈ వరస ఆమె కావాలనే పెట్టుకుందని నా నమ్మకం. కాదని ఎవరూ నాకు చెప్పకండి.

ఆ తలుపు గడియ పాతది, వదిలేస్తే ధడాలుమంటుంది. అందుకని ఆమె దాన్ని చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా, రాత్రికి తలుపు మూసి వెళుతుంది.